చింతపండుతో తోమిన ఉల్క

ఆకాశం నుంచి ఊడిపడ్డ రాయిని పోటీపడి కొని, దాన్ని చేతులారా పాడుచేసి, మళ్ళీ కొన్నచోటే అమ్మబోయినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు. మీరంతా బుద్ధిమంతులు. ఈ ఘనకార్యాలన్నీ నేనొక్కణ్ణే చేశాను, అదీ సిడ్నీ మహానగరంలో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా. కొన్నేళ్ళు గడిచాయి కాబట్టి ఇప్పుడు నోరు విప్పి చెప్పగలుగుతున్నాను. అప్పట్లో నా బుర్రలో గుజ్జు తక్కువ, పట్టుదల ఎక్కువ.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎదుటివాడు చేసిన తప్పులు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. నా తప్పులు పట్టుకునే పని మా ఆవిడ సునీత చూసుకుంటుంది, జీతం లేకుండా.

అసలు కథకి ముందు మా ఇంటి పొగ అలారం గురించి చెప్పాలి. సిడ్నీలో టూంగాబీ అనే పేటలో మాది గోడకి గోడ ఆనుకున్న టౌన్‌హౌస్. వంటగదికీ హాలుకీ మధ్య అడ్డం లేదు, నడినెత్తిన అలారం మాత్రం ఉంది. దానికి మన వంటంటే గిట్టదు. నూనెలో ఆవాలు చిటపటలాడకముందే అది కెవ్వుమనేది. నేను తువ్వాలు పట్టుకుని దాని కింద గెంతుతూ విసరాలి. ఆ గోలకి పక్కింటి ముసలావిడ అవతలి నుంచి చీపురుకట్టతో గోడ మీద బాదేది.

సునీతది కాకినాడ. చేపల వేపుడు లేకపోతే ఆవిడకి అది ఆదివారమే కాదు. అలాంటి మనిషి అలారానికి జడిసి చేపని ఉడకబెట్టడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ప్లేటులో తెల్లగా, నీరసంగా పడుకున్న చేప ముక్కని చూస్తూ అంది: "ఏవండీ, నాకు నగలొద్దు, హాలిడేలొద్దు. భయం లేకుండా పోపు వేసుకునే చోటు ఒకటుంటే చాలు."

వెనక పెరట్లో చిన్న వంటగది కట్టించి తీరాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఇద్దరం బయట తిండి మానేసి, పాత కారుతోనే సర్దుకుని, ఆ డబ్బు కూడబెట్టాం. పైకప్పుకి సరిపోయేంత, దాని కింద సామానుకి సరిపోయేంత పోగయింది.

సరిగ్గా అప్పుడే మూతపడిన ఒక రెస్టారెంటు సామాను వేలానికి వచ్చిందని మా శీను కబురు తెచ్చాడు. శీనుది కరీంనగర్. యూనివర్సిటీలో చదివే రోజుల్నుంచీ నన్ను అన్నా అనీ, సునీతని వదినా అనీ పిలుస్తాడు. ఇప్పుడు ఎలక్ట్రీషియన్. "అన్నా, గ్యాస్ బర్నరు, స్టీలు బెంచీ, పొగ లాగే హుడ్డు, అన్నీ ఒక్కతాన దొరుకుతయ్. సగం ధరకే వస్తయ్" అన్నాడు.

ఆ శనివారం సునీతకి ఫార్మసీలో డ్యూటీ. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి వేళ్ళు మడిచి మరీ చెప్పింది. "బర్నరు, బెంచీ, హుడ్డు. ఇంకేం వద్దు."

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?" అన్నాను, కాస్త పౌరుషంగా.

"అందుకే చెప్తున్నాను" అంది.

వేలంశాలకి వెళ్ళాక తెలిసింది, సామాను మధ్యాహ్నానికట. పొద్దున ఎవరో చనిపోయిన సేకరణకర్త వస్తువులు అమ్ముతున్నారు. గడియారాలు, శంఖాలు, సీతాకోకచిలకలు. ఉట్టినే కూర్చోవడం ఎందుకని మేమూ వెనక వరసలో కూర్చున్నాం. వేలం నడిపేది గ్రాహం అనే పెద్దాయన. గొంతులో తొందర లేదు, కళ్ళకి మాత్రం ఎవరి చెయ్యి కదిలినా తెలిసిపోతుంది. ఆయన ఇంగ్లీషులో అన్నవన్నీ నేను నా తెలుగులో చెప్తున్నాను, అందులో పొరపాట్లుంటే అవీ నావే.

కాసేపటికి ఒక రాయి వచ్చింది. కొబ్బరికాయంత ఉంది. నల్లగా, అడుగంటిన గిన్నె వెనక వైపులాగా ఉంది. సహారా ఎడారిలో దొరికిన ఉల్క అని గ్రాహం చెప్పాడు.

శీను నా చెవిలో ఊదాడు. "గిట్లాంటియి మస్తు ధర పల్కుతయ్ అన్నా. మా బాసు ఫ్రెండొకడు గిట్లనే కొని మల్ల అమ్మితే పెద్ద బోటు కొన్నడట."

బోటు అనగానే నాకు పెరట్లో వంటగది కాదు, వంటల భవనమే కనిపించింది. పాలరాతి గట్టు, వేపుడుకొకటీ పులుసుకొకటీ వేరే పొయ్యిలు, ఒక పక్కన కుర్చీలో నేను. ఊరికే ఒకసారి చూద్దామని, లోపలికొచ్చేటప్పుడు ఇచ్చిన నంబరు అట్ట ఎత్తాను.

ముందు వరసలో వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒకాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మర్యాదగానే నవ్వాడు. "మొదటిసారా మేట్?" అన్నాడు.

అంతే. ఆ నవ్వు నాకు ఎక్కడో తగలకూడని చోట తగిలింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పకపోతే నేను ఒట్టి పిచ్చివాణ్ణని అనుకుంటారు. నేను నేర్చుకున్న వేలంపాట ఒక్కటే, వినాయక చవితి లడ్డూ వేలం. ఆ పాట ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందులో వెనక్కి తగ్గడం అనేది లేదు. తగ్గితే ఇంటిపేరు పోతుంది. ఎదుటివాడు ఆగిపోయినా, ఆ మాత్రానికే స్వామి లడ్డూ పట్టుకుపోతే ఏం బాగుంటుందని, తన పాట మీద తనే పెంచుకుంటాడు మగాడన్నవాడు. జనం ఈలలు వేస్తారు. అంతకుముందు ఏడాదే మా కమ్యూనిటీ హాల్లో ఒక పళ్ళ డాక్టరు గారు నా మీద పాడి లడ్డూ ఎగరేసుకుపోయారు. పళ్ళ డాక్టరుకి లడ్డూ ఏమిటండీ అసలు. గెలిచినవాళ్ళకి వేసే దండ ఆయన మెడలో పడ్డప్పుడు నేను చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఆ మంట నాలో ఇంకా చల్లారలేదు.

టోపీ ఆయన పెంచాడు. నేను పెంచాను. ఆయన ఆలోచించి పెంచాడు. నేను ఆలోచించకుండా పెంచాను. శీను నా మోచెయ్యి లాగుతున్నాడు. "అన్నా, బర్నరు పైసలు అయిపోతున్నయ్."

"ఉండు" అన్నాను.

"అన్నా, గిప్పుడు బెంచీ పైసలు, పైకప్పు పైసలు గూడ పోయినయ్."

"నువ్వుండవయ్యా బాబూ."

టోపీ ఆయన తల అడ్డంగా ఊపి అట్ట ఒళ్ళో పెట్టేసుకున్నాడు. గ్రాహం సుత్తి ఎత్తాడు. నాకు అది నచ్చలేదు. పోటీ అప్పుడే అయిపోవడం ఏమిటి, జనానికి ఊపు రావాలి కదా. అట్ట మళ్ళీ ఎత్తాను.

గ్రాహం సుత్తి గాల్లో ఆపి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "సర్, ప్రస్తుతం ఉన్న పాట మీదే."

"తెలుసు."

"అంటే మీ మీద ఎవరూ పాడలేదు."

"అదీ తెలుసు. అయినా పెంచుతున్నాను."

"మీరు మీ మీదే పెంచుతున్నారు సర్. మీకు అర్థమవుతోందని నాకు నమ్మకం కలగాలి."

"పూర్తిగా అర్థమై, మనస్ఫూర్తిగా పెంచుతున్నాను" అన్నాను లేచి నిలబడి.

గ్రాహం హాలుకేసి చూశాడు. "నేను అడిగాను, మీరందరూ విన్నారు" అని సాక్ష్యం పెట్టుకుని, కొత్త ధర చదివాడు. నేను ఇంకోసారి కూడా పెంచేవాణ్ణే. శీను రెండు చేతులతో నా అట్ట లాక్కుని దాని మీద కూర్చున్నాడు. సుత్తి పడింది.

నేను నలువైపులా తిరిగి నమస్కారం పెట్టాను. ఎక్కడో ఒక మూల ఇద్దరు ముసలివాళ్ళు జాలిగా చప్పట్లు కొట్టారు. మెడ కొంచెం ముందుకు వంచి నిలబడ్డాను కూడా. దండ వేసే ఆచారం ఇక్కడ లేదని అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం బర్నరూ బెంచీ హుడ్డూ ఒక్కొక్కటే నా కళ్ళముందే వేరేవాళ్ళ ట్రక్కులెక్కి వెళ్ళిపోయాయి.

సాయంత్రం సునీత వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మధ్యలో రాయి ఉంది.

"ఇది బర్నరా?" అంది.

"కాదు."

"బెంచీనా?"

"కాదు. సునీతా, నువ్వు ముందు కూర్చో. ఇది ఉల్క. ఆకాశంలోంచి పడింది."

"మన డబ్బులేవి?"

"అందులోనే ఉన్నాయి" అన్నాను రాయి చూపించి.

ఆవిడ కూర్చోలేదు. అరవలేదు. అరిచినా బాగుండేది. ఫ్రిజ్ తెరిచి, చేప తీసి, గిన్నెలో నీళ్ళు పోసి ఉడకబెట్టింది. ఆ చేప నేను తిన్నాను. దాని రుచి ఇక్కడ చెప్పను.

భోజనాలయ్యాక నేనే అన్నాను. "ఇదే రాయి అక్కడే మళ్ళీ వేలం పెట్టి, లాభానికి అమ్మి, నీకు వంటగది కట్టించకపోతే అడుగు. ఇది నా పట్టుదల."

"మీ పట్టుదలే ఇప్పుడు టేబుల్ మీదుంది" అంది సునీత.

తర్వాతి వేలానికి ఇంకా టైముంది. నేను రోజూ ఆఫీసు నుంచి రాగానే రాయి ముందు కూర్చుని ఆలోచించేవాణ్ణి. ఎటునుంచి చూసినా నాకొకటే లోపం కనబడింది. మాడిపోయింది. అంత ధర పెట్టే మనిషి మాడిన సరుకు ఎందుకు కొంటాడు? కారు అమ్మేముందు కడుగుతాం. ఇల్లు అమ్మేముందు సున్నం వేయిస్తాం. ఇత్తడి బిందె అయినా తోమకుండా ఎవరికీ చూపించం. పైగా నేను టెస్టర్ని కదా, లోపం కనబడ్డాక ఊరుకోలేను.

ఒక ఆదివారం సునీతకి డ్యూటీ పడింది. నేను లుంగీ బిగించి రాయిని లాండ్రీలో సింకులో పెట్టాను. ఇత్తడికి మన ఇళ్ళలో ఏం వాడతారో మీకు వేరే చెప్పాలా? పై అరలో సునీత దాచుకున్న చింతపండు ఉంది. కాకినాడ నుంచి ఎవరో వస్తుంటే తెప్పించుకుంది. ముందు నిమ్మకాయంత తీశాను. నల్లదనం కదల్లేదు. కొబ్బరికాయంత తీశాను. అదీ చాలలేదు. చివరికి డబ్బా బోర్లించి, గళ్ళుప్పు కలిపి, స్టీలు పీచు పెట్టి తోమడం మొదలుపెట్టాను.

రాయి కూడా మొండిదే. కోట్ల ఏళ్ళు అంతరిక్షంలో తిరిగొచ్చింది, నాలాంటివాణ్ణి ఎంతమందిని చూసి ఉంటుంది. మధ్యాహ్నానికి నా వేళ్ళు పండక్కి గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రబడ్డాయి గానీ దానికి చలనం లేదు. ఇక్కడ మామూలు మనిషైతే మానేస్తాడు. నేను గ్యారేజీలోకి వెళ్ళి డ్రిల్లు తెచ్చి, దానికి తుప్పు గీకే తీగల బ్రష్షు బిగించాను. లాండ్రీ అంతా నల్లటి పొడి రేగింది. అలారం కెవ్వుమంది. నేను ఒక చేత్తో తువ్వాలు విసురుతూ, ఇంకో చేత్తో డ్రిల్లు పట్టుకుని పని ఆపలేదు. గోడవతల చీపురుకట్ట చప్పుడు మొదలైంది. దానికీ నేను జంకలేదు.

సునీత వచ్చేసరికి రాయి తువ్వాలు మీద ఆరుతోంది. శుభ్రంగా, బూడిదరంగులో, తలంటు పోసుకున్న పాపాయిలా ఉంది.

"ఇదేమిటి?" అంది.

"మన ఉల్క. ఎలా మెరుస్తోందో చూడు."

ఆవిడ కిటికీలోంచి డ్రైవ్‌వే వైపు చూసి, మళ్ళీ రాయి వైపు చూసింది. "అక్కడున్న రాళ్ళకీ దీనికీ తేడా ఏమిటండీ?"

"అవి కింద పుట్టాయి. ఇది పైనుంచి వచ్చింది."

"చూస్తే తెలుస్తుందా?"

నేను రాయిని రెండో వైపుకి తిప్పి చూపించాను. అంతలో ఆవిడ కన్ను ఖాళీ డబ్బా మీద పడింది. చింతపండు పోయిన విషయం మీద జరిగిన చర్చ నేను ఇక్కడ రాయను. దాని ముందు రాయి కొన్న రోజు చాలా ప్రశాంతంగా గడిచిందనే చెప్పాలి.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి రాయిని గ్రాహం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది వేరే రాయి. మీ అసలుది ఎక్కడ?"

"అదే ఇది. శుభ్రం చేశాను."

ఆయన రాయిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "దాని మీద నల్లటి పెంకు ఉండాలి."

"మాడు కదండీ అది."

"అవును. ఆకాశంలోంచి పడేటప్పుడు కాలి కరిగి కట్టిన పొర. అది ఉల్క అనడానికి కంటికి కనబడే గుర్తు అదే. సేకరించేవాళ్ళు ప్రాణం పెట్టేది ఆ పెంకు మీదే. మీరు డబ్బు కట్టింది కూడా ముఖ్యంగా దానికే."

"మళ్ళీ పట్టించడం కుదరదా?" అని అడిగాను. నిజంగానే అడిగానండి, నవ్వకండి. పెనం మీద పెట్టి మాడిస్తే ఏమైనా లాభం ఉంటుందా అని కూడా అడిగాను.

"దాన్ని మళ్ళీ ఆకాశంలోకి పంపించి పడేయాలి" అన్నాడు గ్రాహం. తర్వాత కుతూహలం ఆపుకోలేక అడిగాడు. "ఇంతకీ దేనితో తీశారు?"

"టామరిండ్" అన్నాను తల వంచుకుని. డ్రిల్లు సంగతి చెప్పలేదు. కొంత పరువైనా మిగుల్చుకోవాలి.

రెండో వేలానికి సునీత కూడా వచ్చింది. నన్ను గోడవైపు కూర్చోబెట్టి, నా కుడిచెయ్యి తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుంది. వెనక కూర్చున్నవాళ్ళు ఎంత అన్యోన్యమైన జంట అనుకుని ఉంటారు.

మా రాయి వచ్చింది. "ఉల్క. పెంకు లేదు. యజమాని పట్టుదలగా శుభ్రం చేశారు" అని గ్రాహం చదివాడు. హాల్లో ఎవరూ కదల్లేదు. ధర తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. చివరికి టోపీ ఆయన, అదే ముందు వరసలో ఉన్న అదే టోపీ ఆయన, బద్ధకంగా అట్ట ఎత్తాడు.

చెప్పడానికే సిగ్గుగా ఉన్న ధర అది. నా కష్టం, నా వేళ్ళ మంట, సునీత చింతపండు, అన్నీ కలిపి అంతేనా అని నా రక్తం ఉడికిపోయింది. కుడిచెయ్యి సునీత దగ్గరుంది. ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. అది లేచింది.

గ్రాహం నిట్టూర్చాడు. "సర్, ఇది మీ రాయే."

"తెలుసు."

"మీ వస్తువు మీద మీరు పాడకూడదు."

"పోయినసారి నా మీద నేను పాడితే ఒప్పుకున్నారు కదా?"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో ఈల కూడా వేశారు. లడ్డూ వేలంలో దొరకని ఈల నాకు అక్కడ దొరికింది. సునీత ముఖం ఎర్రబడింది. నా ఎడమచెయ్యి కూడా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. సుత్తి పడింది.

టోపీ ఆయన రాయి అందుకుని మా దగ్గరికి వచ్చాడు. "థాంక్స్ మేట్. మా ఇంట్లో నల్లటివి అలమార నిండా ఉన్నాయి. చింతపండుతో తోమింది మాత్రం ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండదు" అన్నాడు, ఈసారి కూడా మర్యాదగానే నవ్వుతూ. గ్రాహం ఆ రహస్యం దాచలేదన్నమాట.

నేను లేచి వెళ్ళిపోదామన్నాను. సునీత కదల్లేదు. ఆ రోజు ఎవరిదో వంటసామాను కొంచెం అమ్మకానికి ఉంది. అందులో ఇనప స్టాండు మీద ఒంటి గ్యాస్ బర్నరు ఒకటి వచ్చింది. సునీత నా చేతులు వదిలి, అట్ట ఒక్కసారి ఎత్తి, గ్రాహం కళ్ళలోకి సూటిగా చూసింది. ఇంకెవరూ ఎత్తలేదు. సుత్తి పడింది, ఆవిడ అట్ట దించింది, అయిపోయింది. వేలంపాట అంత తేలిగ్గా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రాయి తెచ్చిన డబ్బు ఆ బర్నరుకే సరిపోయింది. బెంచీ లేదు, హుడ్డు లేదు, పైకప్పు అసలే లేదు. ఆ ఆదివారమే శీను వచ్చి గ్యాస్ సిలిండరు తగిలించి వెళ్ళాడు. సునీత పెరట్లో మూకుడు పెట్టి, నూనె కాగాక, కారం పట్టించిన చేప ముక్కలు ఒక్కొక్కటే వదిలింది. పొగ సన్నగా లేచి టూంగాబీ ఆకాశంలోకి పోయింది. ఏ అలారమూ మోగలేదు. ఆవిడ కాసేపు చెవులు రిక్కించి విని, అలవాటు కొద్దీ గోడ వైపు చూసి, నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు పాలరాతి గట్టు అక్కర్లేకపోయింది.

అంతలో వాన మొదలైంది.

"ఏవండీ, గొడుగు" అంది సునీత మూకుడు మీంచి కళ్ళు తిప్పకుండా.

పరిగెత్తి గొడుగు తెచ్చి పొయ్యి మీద పట్టాను. నా మీద కాదు, పొయ్యి మీద. పైకప్పు సంగతి తర్వాత చూద్దాం అంది. ఆ "తర్వాత" ఇంకా రాలేదు. మళ్ళీ కూడబెట్టిన డబ్బు ఆవిడ పేరు మీదే ఉంది, ఎక్కడుందో నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే న్యాయం.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపైన అది ఆకాశం నుంచి పడ్డ రాయైనా, స్వామివారి లడ్డూ అయినా సరే, ఏ వేలంలోనూ నా చెయ్యి పైకి లేవదు. లేవడానికి అది కిందికి దిగితే కదా. ఇవాళ కూడా ఆదివారమే, ఇవాళ కూడా వానే. ముక్కలు రెండో వైపు వేగేదాకా గొడుగు దించడానికి వీల్లేదంది సునీత.